సున్న, ఒకటి, రెండు

పూర్తిగా ఉంటే రెండు,
సగం ఉంటే ఒకటి,
లేకుంటే సున్న.
నూట పద్నాలుగు ప్రశ్నలు అట్టకు క్లిప్పు పెట్టుకొని
హన్మకొండ నుంచి పొద్దున్నే బయల్దేరి
ములుగు దాటి, అడివి దాటి
నల్లగుంటపల్లి ఆరోగ్య కేంద్రం ముందు జీపు దిగాను.

గేటు ఉందా? రెండు.
పేరు బోర్డు? రెండు.
తడి పెయింటు నా మోచేతికి అంటింది.
డాక్టరు?
వారానికి మూడు రోజులు ఏటూరునాగారంలో డిప్యుటేషను,
ఇవాళ ఆ మూడింట్లో ఒకటి.
ఒకటి వేశాను.
సగం డాక్టరంటే ఏ సగమో ఆలోచించలేదు.

నర్సు బైరి పుష్పలీల ఫ్రిజ్ తలుపు తీసింది.
లోపల టీకాలు, ఐసు ప్యాకులు, నాలుగు డిగ్రీలు.
"కరెంటు పోతే?"
"నేను పోత సార్, డబ్బ సంకకేసుకొని
రైసుమిల్లుకు. ఆడ జనరేటరున్నది."
రైసుమిల్లుకు నా ఫారంలో గడి లేదు.

"మీ కిందికొచ్చే ఆఖరి గూడెం ఎంత దూరం?"
ఆశ కార్యకర్త వాసం కౌసల్య నవ్వింది.
"ఏ నెలల సారూ?
ఎండకాలమైతే ఐదు కిలోమీటర్లు.
వాగొస్తే చుట్టు తిరిగి పంతొమ్మిది.
మనం నడిమిట్లున్నప్పుడొస్తే..."
చెప్పు విప్పి ఇసుక దులుపుకుంది.
మిగతా మాట దులుపుకుందో ఏమో, చెప్పలేదు.
గడిలో ఒక్క అంకెకే చోటుంది.
ఐదు అని రాశాను, పెన్సిలుతో.

ఇంటి కాన్పులు: ఏడాదికి సున్న.
ఈ ఒక్క చోట సున్నకే రెండు మార్కులు.
పోయిన జులైలో
నెలలు నిండిన నలుగురిని వాగు రాకముందే దాటించి
మీటింగు గదిలో చాపలేసి
పన్నెండు రోజులు వండిపెట్టిన సంగతి
రిజిస్టరు చెప్పలేదు, కౌసల్య చెప్పలేదు,
గోడకున్న మసి చెప్పింది,
అది కూడా
పరిశుభ్రత కింద నేనొక మార్కు కోసిన తర్వాత.

వరండాలో ముడుసు ఓదెలు
నెల మాత్రలకొచ్చి పది పట్టుకొని కూచున్నాడు.
"మిగతా ఇరవై రోజులు?"
"దినమిడిసి దినం ఏస్కుంట.
బీపీకి లెక్కలస్తయా?"
పక్కనున్న ముసలమ్మ నా అట్ట వంక చూసింది.
"మార్కులేస్తున్నవా బిడ్డా?
ఎవలికి? మాకా, దవఖానకా?"
ఏ ప్రశ్నకు ఏ మార్కో వెనక పేజీలో ఉంటుంది.
ఇది అక్కడ లేదు.

అరవై రెండు: బీపీ యంత్రం పనిచేస్తున్నదా?
"చూపించండి" అని చెయ్యి చాపాను.
పట్టీ బిగిసింది.
ముల్లు ఎక్కింది, వణుక్కుంటూ దిగింది.
పుష్పలీల మళ్ళీ ఊదింది. మళ్ళీ.
"యంత్రం మంచిగున్నది సార్.
మీకే మంచిగ లేదు."
పైది నూటడెబ్బై, కిందది నూటనాలుగు.
రెండు వేశాను. ఆ రెండు కొంచెం వంకర పోయింది.

ఓపీ రిజిస్టరులో నలభై మూడో వరుస:
నా పేరు, నా వయసు, ఊరు హన్మకొండ.
పది మాత్రలు చింపి నా చేతిలో పెట్టింది,
ఓదెలుకు ఇచ్చినట్టే, పది.
"వద్దమ్మా, నేను ఊళ్ళో కొనుక్కుంట."
"ఇయ్యాల్టిది ఈన్నే మింగుర్రి."
గ్లాసు అందించింది.
తాగునీటికి గంట కిందే రెండు వేశాను,
తాగింది మాత్రం ఇప్పుడు.
మిగిలిన తొమ్మిదీ ఓదెలుకు ఇద్దామని వరండాలోకి వస్తే
బెంచీ ఖాళీ. బస్సు టైమట.

జీపులో మొత్తం కూడాను.
అరవై ఎనిమిది శాతం. గీత డెబ్బై దగ్గరుంది.
మసి దగ్గర కోసిన మార్కు తిరిగిచ్చినా
అరవై తొమ్మిదికి రాదు.
వ్యాఖ్యలు అన్నచోట "వాగు" అని రాసి
తర్వాత ఏం రాయాలో తెలియక
పెన్సిలు ఐదును మాత్రం చెరిపేశాను.
కాగితం కాస్త చిరిగింది.
డ్రైవరు అద్దం మీది చినుకుల్ని తుడుస్తూ అడిగాడు,
"మళ్ళెప్పుడు సార్ ఇటు?"
జేబులో తొమ్మిది ఉన్నాయి.
రోజుకొకటైతే తొమ్మిది రోజులు,
దినమిడిసి దినమైతే
వాగు వచ్చేదాకా.